వంక పారుతుంటే బండి ఆపించండి!

కార్తీక మాసం వచ్చిందంటే మన ఇళ్ళల్లో ఎంత హడావుడో మీకు వేరే చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున తలస్నానాలు, తులసికోట దగ్గర దీపాలు, సోమవారం ఉపవాసాలు, శ్రీకాళహస్తి ప్రయాణాలు, ఆదివారం వస్తే వనభోజనాలు! దీనికి తోడు పౌర్ణమికి సముద్రస్నానం చేసొస్తే పుణ్యమని పెద్దవాళ్ళు, అలల్లో ఆడుకోవచ్చని పిల్లలు. ఇద్దరి మధ్యా సర్దిచెప్పి, మూటలు కట్టి, క్యారియర్లు నింపేది మనమే కదా!

మన చిత్తూరు జిల్లాకు సముద్రం లేదని చిన్నప్పుడు బళ్ళో చదువుకున్నాం. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడేసరికి నాయుడుపేట, సూళ్ళూరుపేట మనతో కలిశాయి. దాంతో పులికాట్ సరస్సు, శ్రీహరికోట మన జిల్లావే అయ్యాయి. కొండ మీద వెంకన్న, కింద సముద్రం! తిరుపతి నుంచి శ్రీకాళహస్తి దాదాపు నలభై కిలోమీటర్లు, అక్కడి నుంచి నాయుడుపేట ఇంకో ముప్పై. అక్కడ హైవే ఎక్కితే ఎడమకు గూడూరు, నెల్లూరు. కుడికి సూళ్ళూరుపేట, మద్రాసు. తూపిలిపాళెం పోవాలన్నా, నెల్లూరు దాటి మైపాడు పోవాలన్నా ఇదే దారి. పొద్దున బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. ఇంతకంటే ఏం కావాలి?

చిక్కల్లా ఒక్కటే. మనకు పండగలూ, పెళ్ళిళ్ళూ, దీపాలూ ఏ నెలల్లో ఉంటాయో తుఫాన్లూ సరిగ్గా ఆ నెలల్లోనే వస్తాయి. నెల్లూరు వైపు ఏడాది మొత్తం కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు మూడు నెలల్లోనే కురుస్తుంది. హైదరాబాదు చుట్టాలకు ఈ సంగతి చెబితే నమ్మరు. వాళ్ళ వానలు శ్రావణ భాద్రపదాలతో సరి. మనవి దీపావళితో మొదలు.

వాన మీ నెత్తిన పడకపోయినా...

ఈ సంగతి కొంచెం ఓపిగ్గా చదవండి. దీన్ని పట్టించుకోనందుకే చాలామంది ఇబ్బందుల్లో పడుతుంటారు.

హైవే ఉంది చూశారూ, అది మద్రాసు నుంచి నెల్లూరు మీదుగా ఉత్తరానికి, సముద్రానికి పక్కపక్కనే పోతుంది. మన నదులేమో పడమటి కొండల్లో పుట్టి తూర్పున సముద్రంలో కలుస్తాయి. ముగ్గులో నిలువుగీతను అడ్డగీతలు కోసినట్టు, కాళంగి, స్వర్ణముఖి, పెన్న అన్నీ ఆ హైవే కింది నుంచే పోవాలి. పేరున్న నదులే కాదు, పేరు లేని వంకలు, కాలువలు ఇంకెన్నో. స్వర్ణముఖి మన చంద్రగిరి పక్క కొండల్లో పుట్టి, తిరుపతి పక్కగా వచ్చి, శ్రీకాళహస్తి గుడిని ఒరుసుకుంటూ, నాయుడుపేట దాటి సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఇసుకే. పిల్లలు ఆ ఇసుకలో క్రికెట్ ఆడుతుంటారు. కానీ రాత్రి చంద్రగిరి పైన గట్టి వాన పడితే, ఆ నీళ్ళన్నీ ఆ దారినే కిందికి వస్తాయి. నాయుడుపేటలో ఎండ కాస్తున్నా సరే, నది మాత్రం నిండుగా పోతూ ఉంటుంది!

కాబట్టి బయల్దేరేముందు మన వీధిలో వాన పడుతోందా అని చూస్తే చాలదు. పైన కొండల్లో నిన్న ఎంత పడిందో తెలుసుకోవాలి.

ఇంకో సంగతి చెరువులు. మన పెద్దలు చెరువులను గొలుసు మాదిరి కట్టారు. పై చెరువు నిండితే మరవ పారి కింది చెరువులోకి పోతుంది (నెల్లూరు వైపు దీన్నే కలుజు అంటారు). అది నిండితే దాని కిందది. వరసగా మూడు రోజులు వాన పడి చెరువులన్నీ నిండి ఉన్నాయనుకోండి, నాలుగోరోజు చిన్న వానకే రోడ్డు మీదికి నీళ్ళొస్తాయి. "ఇంత చిన్న వానకేనా!" అని ఆశ్చర్యపోతాం. అది ఆనాటి వాన కాదు, నాలుగు రోజుల వాన. దానికి తోడు తుఫాను తీరం దగ్గర ఉన్నప్పుడు సముద్రం పోటెత్తి ఉంటుంది, వచ్చే నీళ్ళను అంత తొందరగా తనలోకి రానివ్వదు. నీళ్ళు వెనక్కి తన్ని పల్లం పొలాల్లో, రోడ్ల మీద నిలబడతాయి.

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను గురించి మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అప్పుడు నాకు ఊహ తెలియదు. ఈ తరం వాళ్ళకు బాగా గుర్తున్నది 2021 నవంబరే.

ఆ కార్తీక పౌర్ణమి

2021లో నవంబరు 18న తిరుపతిలో పట్టుకున్న వాన మీలో చాలామంది చూసే ఉంటారు. ఇళ్ళల్లోకి నీళ్ళు, వీధుల్లో కొట్టుకుపోతున్న మోటారు సైకిళ్ళు. తిరుమల ఘాట్ రోడ్లు మూసేశారు. శ్రీవారి మెట్టు దారి ఎంత దెబ్బతిందంటే, దాన్ని బాగుచేసి మళ్ళీ తెరిచేసరికి 2022 మే నెల వచ్చింది. రామచంద్రాపురం దగ్గరి రాయల చెరువు కట్టకు ప్రమాదమని కింది పల్లెలను ఖాళీ చేయించారు. ఆడవాళ్ళు పిల్లల్నెత్తుకుని, గొడ్లను తోలుకుని గుట్టల మీదికి పోయిన రోజులవి.

మర్నాడు 19వ తేదీ కార్తీక పౌర్ణమి. తెల్లవారుజామున రాజంపేట పైన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. నదికి దగ్గర్లో కార్తీక దీపాలు పెట్టుకోవడానికి వచ్చిన వాళ్ళు కూడా ఆ నీళ్ళల్లో పోయారు. ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకుని ప్రయాణికులు బస్సుపైకెక్కి కూర్చున్నారు. అందులోనూ అందరూ బతికి బయటపడలేదు. బస్సు ఎంత పెద్దదండీ! దాన్నే నీళ్ళు పక్కకు నెట్టేశాయంటే మన చిన్న కారు సంగతి ఏమిటి?

ఒకటి రెండు రోజులకే పెన్న పొంగి నెల్లూరు దాటాక పడుగుపాడు దగ్గర హైవే తెగింది, పక్కనే రైలుకట్ట కూడా కొట్టుకుపోయింది. మద్రాసు నుంచి విజయవాడ పోవాల్సిన బండ్లను మన శ్రీకాళహస్తి పక్క తొట్టంబేడు దగ్గర మళ్ళించి పామూరు, దర్శి మీదుగా పంపించారు. నెల్లూరు బస్టాండులో చంటిపిల్లలతో నేల మీద పడుకున్న ఆడవాళ్ళ ఫోటోలు పేపర్లలో చూసినప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన, పాలు ఎక్కడ దొరికుంటాయి అని.

అంతకు ఒక నెల ముందు, అక్టోబరులో, జరిగింది ఇంకా చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ నాకు మనసులోంచి పోదు. కర్ణాటక నుంచి దర్శనానికి వచ్చిన ఒక కుటుంబం వాళ్ళ బండి తిరుపతిలోనే, వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జిలో నిలిచిన నీళ్ళల్లో చిక్కుకుంది. లోపలున్న వాళ్ళలో ఒక అమ్మాయి చనిపోయింది. నది కాదు, సముద్రం కాదు. ఊరి మధ్యలో, మనం రోజూ కూరగాయలకు పోయొచ్చే దారి! ఊరు తెలిసిన వాళ్ళకు ఆ పల్లం తెలుసు. బయటూరి వాళ్ళకు రాత్రిపూట ఎలా తెలుస్తుంది? మనం నెల్లూరు వైపు పోయినప్పుడు మనమూ బయటూరి వాళ్ళమే.

ఒక్క బిందెడు నీళ్ళ బరువు

నీళ్ళ బరువు గురించి మగవాళ్ళకంటే మనకే బాగా తెలుసు. నిండు బిందె చంకన పెట్టుకుని పది అడుగులు వేస్తే నడుము లాగుతుంది. అందులో ఉండేది ఏ పదిహేను లీటర్లో, అంటే పదిహేను కిలోలు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు తొట్టి ఉంటే అందులో పట్టే నీళ్ళు వెయ్యి కిలోలు! అలాంటి తొట్లు వందలు వందలు వరసగా వచ్చి బండి పక్కకు గుద్దుతున్నాయనుకోండి. పారే నీళ్ళంటే అదే.

లెక్క ఇలా గుర్తు పెట్టుకోండి. జోరుగా పారే నీళ్ళు అరడుగు ఉంటే మనిషి కాళ్ళు నిలవవు. అడుగు లోతుంటే చిన్న కారు తేలిపోతుంది. రెండడుగులైతే పెద్ద బండ్లు కూడా కొట్టుకుపోతాయి. అడుగంటే ఎంత? మన మోకాలి కిందికే. "మోకాలి దాకా కూడా లేవు, పోనీ" అనే మాట మీద ఎన్ని ప్రాణాలు పోయాయో!

పైగా ఆ నీళ్ళ రంగు చూడండి, టీ డికాషన్ మాదిరి. కింద రోడ్డు ఉందో, కోసుకుపోయి గుంత పడిందో పైకి తెలియదు. పోయిన వారం మనం పోయిన చప్టానే కావచ్చు, ఈ రోజు దానికి మధ్యలో ముక్క లేకపోవచ్చు.

మేము ఆగిన రోజు

2023 డిసెంబరు 3 ఆదివారం, నెల్లూరులో మా పెద్ద ఆడపడుచు మనవడి నామకరణం. మావారు, నేను, మా అత్తమ్మ, బండి తోలడానికి మా అబ్బాయి. అప్పటికే బంగాళాఖాతంలో తుఫాను ఉందని వార్తల్లో చెబుతున్నారు. దానికి మయన్మార్ వాళ్ళు పెట్టిన పేరు మిచాంగ్, కొందరు మిగ్‌జాం అన్నారు. పేరు పలకడానికే రెండు రోజులు పట్టింది మాకు! తొట్టెల వేడుక అయ్యేసరికి వాన పెరిగింది. సోమవారం పొద్దున మద్రాసు నీళ్ళల్లో మునిగిందనీ, విమానాశ్రయం మూసేశారనీ టీవీలో చూపిస్తున్నారు. వదిన "ఈ రోజు పోబాకండి" అని ఎంత చెప్పినా, మావారికి మర్నాడు డ్యూటీ. గూడూరు దాకా నెమ్మదిగా వచ్చేశాం. వైపర్లు ఎంత కొట్టినా ముందు బండి వెనక దీపాలు తప్ప ఇంకేమీ కనపడటం లేదు.

నాయుడుపేట ఇంకా కొంత దూరం ఉందనగా హైవే మీద బండ్లు బారులు కట్టి నిలబడిపోయాయి. సూళ్ళూరుపేట దగ్గర కాళంగి నీళ్ళు రోడ్డు మీదికి వచ్చాయని లారీ వాళ్ళు చెప్పుకుంటున్నారు. మా వాడి ఫోనులో మ్యాపు ఒక పక్కదారి చూపించింది. పల్లెల్లో నుంచి పోతే ముప్పావుగంటలో శ్రీకాళహస్తి రోడ్డు కలుస్తుందట. దారి నీలం గీతగా ఎంత నున్నగా ఉందో! ఆ ఫోనుకు వంక పారుతోందని తెలియదు కదా.

రెండు పల్లెలు దాటాక చప్టా. దాని మీద నీళ్ళు ఎడమ నుంచి కుడికి పోతున్నాయి. చప్టాకు రెండు పక్కలా ఉండే రాళ్ళలో సగం మాత్రమే పైకి కనిపిస్తున్నాయి. మా ముందే ఒక లారీ నీళ్ళు చిమ్ముకుంటూ దాటిపోయింది. "చూశావా అమ్మా, ఏం కాదు" అన్నాడు మా వాడు.

"లారీ చక్రం మన కారు కిటికీ అంత ఉంది నాయనా. నాకు భయంగా ఉంది, ఆపు" అన్నాను. మావారు మాట్లాడలేదు. ఆయనకూ పోవాలనే ఉందని నాకు తెలుసు. అప్పుడు మా అత్తమ్మ, డెబ్బై నాలుగేళ్ళ మనిషి, తలుపు తీసుకుని వానలో కిందికి దిగేసింది! "మీరు పొయ్యి రాండి, నేను ఈడే ఉంటా" అంది. ఇంకేం చేస్తారు?

గొడుగు పట్టుకుని ఒక పెద్దాయన గట్టు మీద నిలబడి ఉన్నాడు. "మంచి పని చేసినారమ్మా. పైన చెరువు కలుజు పార్తా ఉండాది. ఇంకో గంటకు ఇంకా ఎక్కువొస్తాయి, తగ్గవు" అన్నాడు. మేము బండి వెనక్కి తిప్పుతుండగానే మా పక్క నుంచి ఒక చిన్న కారు పోయింది. చప్టా సగంలో ఇంజను ఆగిపోయింది. నీళ్ళు దాన్ని అంగుళం అంగుళం పక్కకు జరుపుతున్నాయి. పల్లెలో నుంచి మగపిల్లలు తాడు తెచ్చి, నడుములకు కట్టుకుని, లోపలి వాళ్ళను కిటికీలో నుంచి ఒక్కొక్కరినీ లాగారు. ఆఖరున వచ్చింది చంటిబిడ్డ, తువ్వాల్లో చుట్టి. ఆ తల్లి గట్టు మీద కూలబడి ఏడవనైనా ఏడవలేక నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. నా శాలువ ఆమెకు కప్పాను. కారును సాయంత్రానికి నీళ్ళు తీసుకుపోయాయని తర్వాత విన్నాం.

ఆ రాత్రి నాయుడుపేటలో గడిపాం. లాడ్జీలన్నీ నిండిపోయాయి. ఒక కల్యాణ మండపం వాచ్‌మన్ భార్య, పెళ్ళికూతురి గది తెరిచి, చాపలు వేసి, వేణ్ణీళ్ళు కాచి ఇచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు, మా దగ్గరున్న నిప్పట్లు మాత్రం పిల్లల కోసం తీసుకుంది. మర్నాడు మధ్యాహ్నం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. శ్రీకాళహస్తి బస్సులు తిరుగుతున్నాయని తెలిశాకే మేము కదిలాం.

ఈ బస్సుల సంగతి గుర్తు పెట్టుకోండి. దారి బాగుందా లేదా అని పదిమందిని అడిగితే పది రకాలుగా చెబుతారు. "ఆర్టీసీ బస్సులు పోతున్నాయా?" అని అడగండి చాలు. ఆ డ్రైవర్లు రోజూ అదే దారిన తిరిగేవాళ్ళు. ఎక్కడ రోడ్డు మునుగుతుందో వాళ్ళకు తెలిసినంత ఏ ఫోనుకూ తెలియదు. బస్సులే ఆగాయంటే మనమెందుకు పోవాలి?

ఆపమని చెప్పడం ఎలా?

బండి తోలేవాళ్ళకు 'ఆపు' అనే మాట వినపడదు, మీరు గమనించారా? అందులో వాళ్ళ పౌరుషం ఉంటుంది. పక్క బండి దాటిపోతే ఇంక చెప్పనే వద్దు. "నీకు తోలడం రాదు" అన్నట్టు వినిపించేలా చెబితే ఆ పంతానికైనా ముందుకు పోతారు. "నాకు భయం" అనండి. అందులో మన పరువు పోయేదేమీ లేదు. లేదంటే కడుపులో తిప్పుతోందనండి, పిల్లాడికి వాంతి వచ్చేలా ఉందనండి. ఇలాంటి చోట చిన్న అబద్ధం చెబితే దేవుడు ఏమీ అనుకోడని నా నమ్మకం!

అంతకంటే మంచి పని, బయల్దేరకముందే ఇంట్లో మాట అనుకోవడం. "నీళ్ళు రోడ్డుకు అడ్డంగా పారుతుంటే వెనక్కే, ఎవరూ వాదించకూడదు" అని. అప్పుడు దారిలో తగాదా ఉండదు.

చాలాసార్లు ప్రాణం మీదికి తెచ్చేది తొందర. రేపు డ్యూటీ, ముహూర్తం, పరీక్ష, దర్శనం టికెట్టు. టికెట్టు పోతుందని బెంగపడి వానలో కొండకు పరిగెత్తే వాళ్ళను చూస్తుంటాం. 2021 నవంబరు వానల్లో రాలేకపోయిన టికెట్టుదారులకు తర్వాత దర్శనం చేసుకునే వీలు దేవస్థానం వాళ్ళు కల్పించారు. స్వామి ఎక్కడికీ పోడు! ఆఫీసులు కూడా అంతే, తుఫాను అని ఫోను చేస్తే ఒక రోజు సెలవు ఇవ్వనంత కఠినాత్ములు తక్కువ.

వాతావరణ శాఖ వాళ్ళు రంగులతో చెబుతారు. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ రంగు అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే తగిన చర్యలు తీసుకోమని. మావారైతే వార్తలు చూస్తూ చూస్తూ కుర్చీలోనే నిద్రపోతారు. అందుకే రంగు చూసే పని నాది. మీ ఊరి రంగొక్కటే కాదు, పోయే ఊరిదీ, దారిలో ఉన్న జిల్లాలదీ చూడండి.

తప్పనిసరై వానలో పోవాల్సి వస్తే పగలే పోవాలి. లోపల అద్దానికి ఆవిరి పడితే గుడ్డతో తుడిచి లాభం లేదు, ఏ.సి. గాలిని అద్దం మీదికి తిప్పమనండి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు పులికాట్ మధ్యలో కట్ట మీద పోతుంది, రెండు పక్కలా నీళ్ళే. ఈదురుగాలి ఉన్నప్పుడు ఆ దారిలో చూడటానికి ఏమీ ఉండదు, దాన్ని వదిలేయండి. నీళ్ళు నిలిచిన అండర్ బ్రిడ్జిలోకి ఎప్పుడూ దిగొద్దు. ఒకవేళ బండి నీళ్ళల్లో ఆగిపోతే, సామాన్లు, నగలు, ఫోన్లు వెతుక్కుంటూ కూర్చోవద్దు. నీళ్ళు పెరిగితే తలుపు తెరుచుకోదు, కరెంటుతో నడిచే అద్దాలు కూడా మొరాయిస్తాయి. ముందే అద్దాలు దించుకుని, పిల్లలను ముందు బయటికి పంపాలి. ఇంజను ఆగితే మళ్ళీ స్టార్టు చేయకూడదు. నీళ్ళు లోపలికి పీల్చుకుని పూర్తిగా పాడవుతుంది. మామూలు ఇన్సూరెన్సులో ఆ ఖర్చు చాలాసార్లు రాదు కూడా.

హైవే మీద సాయానికి 1033, ఏ ఆపదకైనా 112, అంబులెన్సుకు 108. వీటిని కాగితం మీద రాసి కారులో అంటించండి. ఫోను చార్జింగు అయిపోయినా పక్కవాళ్ళ ఫోను నుంచి చేయొచ్చు.

మూటలో ఏం పెట్టుకోవాలి?

ఒక పూట ప్రయాణమైనా ఈ నెలల్లో రెండు రోజులకు సరిపడా కట్టుకోండి. మందులు మూడు రోజులకు. మా అత్తమ్మకు షుగరు. ఇన్సులిన్‌ను చల్లగా ఉండే సంచిలో పెడతాను. ఐసు ముక్క నేరుగా తగలకూడదు, గడ్డ కడితే ఆ మందు పనికిరాదు. చంటిపిల్లలుంటే పాలపొడి, కాచి చల్లార్చిన నీళ్ళు, ప్లాస్టిక్ కవరులో కట్టిన రెండు జతల పొడి బట్టలు. దుప్పటి, టార్చిలైటు, నూలు తాడు, అగ్గిపెట్టె, ఆడపిల్లలకు కావలసినవి. చిల్లర నోట్లు తప్పకుండా ఉంచుకోండి. కరెంటు, సిగ్నలు పోతే ఫోనులో డబ్బు ఉన్నా టీ నీళ్ళు కూడా రావు.

తిండి దగ్గరికొస్తే పులిహోరను మించింది లేదు. దారి కోసం చేసేటప్పుడు కిలో బియ్యానికి నూట యాభై గ్రాముల చింతపండు వేసి, పులుసును నూనె పైకి తేలేదాకా ఉడికించండి. నువ్వుల నూనె అయితే మంచిది. అన్నం పూర్తిగా ఆరాకే కలపాలి, వేడిగా మూత పెడితే చెమ్మ పట్టి పాడవుతుంది. తడి చెయ్యి తగలకూడదు. దద్దోజనానికి అన్నంలో పాలు ఎక్కువగా, పెరుగు ఒక చెంచా మాత్రమే వేసి కలిపితే మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది, పులవదు. కానీ దాన్ని ఆ పూటకే తినేయాలి.

బొరుగులు వానకు మెత్తబడతాయి, వాటిని నమ్ముకోవద్దు. చెనక్కాయ ఉండలు, నిప్పట్లు నిలవుంటాయి. నిప్పట్లు తెలియని వాళ్ళ కోసం చెబుతాను. నాలుగు గ్లాసుల బియ్యప్పిండికి అర గ్లాసు వేయించి కచ్చాపచ్చాగా దంచిన చెనగ్గింజలు, అర గ్లాసు పప్పుల పొడి, రెండు చెంచాల నువ్వులు, కారం, ఉప్పు, తుంచిన కరివేపాకు కలపండి. రెండు గరిటెల కాగిన నూనె పోసి, కొంచెం కొంచెంగా నీళ్ళు చల్లుతూ గట్టిగా పిసకండి. చిన్న ఉండలు చేసి, ప్లాస్టిక్ కాగితం మీద పలచగా తట్టి, సన్న సెగ మీద ఎర్రగా వేయించండి. ఆరాక మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే రెండు వారాలు కరకరలాడుతూనే ఉంటాయి.

పౌర్ణమికి వానొచ్చి సముద్రం ప్రయాణం ఆగిపోతే పిల్లలు మొహం వేలాడేస్తారు. సంక్రాంతి దాకా ఆగమని చెప్పండి. అప్పటికి తుఫాన్లు సద్దుమణుగుతాయి, చెరువులు నిండుగా ఉంటాయి. సూళ్ళూరుపేట దగ్గర పులికాట్‌లో ఫ్లెమింగోలు బారులు బారులుగా నిలబడి ఉంటాయి. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువులో చెట్ల నిండా గూడబాతుల గూళ్ళు, పిల్లలకు నోట్లో చేపలు పెట్టే తల్లులు. జనవరిలో సూళ్ళూరుపేటలో పక్షుల పండగ కూడా జరుపుతుంటారు. పొద్దున్నే పోతే ఎండ తగలదు, పక్షులూ దగ్గరగా కనిపిస్తాయి. నిప్పట్ల డబ్బా మాత్రం మర్చిపోవద్దు. నేలపట్టులో దగ్గర్లో హోటళ్ళు పెద్దగా లేవు.